ఆ అంకె జాతకం కాదు

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య ఓ పీడీఎఫ్ వచ్చి పడిందనుకోండి. పెదనాన్నని రాత్రి హాస్పిటల్లో చేర్చారు. ఆయాసం, కాళ్ల వాపు. రిపోర్టులో 'ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ' అని ఒక లైను. దాని పక్కన బోల్డ్‌లో 6,840. ఆ పక్కన 'నార్మల్: 125 లోపు'. ఇంట్లో ఇంగ్లిష్ గబగబా చదివేది మీరే కాబట్టి "ఇదేంటో కాస్త చూసి చెప్పరా" అని అందరూ మీ మీదే పడతారు. మీరు గూగుల్ చేస్తారు. మూడో లింకులో 'మోర్టాలిటీ' అన్న మాట కనబడుతుంది. అంతే, స్క్రోల్ చేసే వేలు ఆగిపోతుంది.

ఈ వారం కాలమ్ ఆ అంకె గురించే. నేను డాక్టర్ని కాదని మీకు తెలుసు. సర్వర్లు ఎప్పుడు పడిపోతాయో ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. కానీ 'ఒక అంకె చూసి రాబోయే ప్రమాదాన్ని అంచనా కట్టడం' అన్న పనిలో ఎన్ని మెలికలు ఉంటాయో నాకు బాగానే తెలుసు. గుండె విషయంలో డాక్టర్లు అదే పని నలభై ఏళ్లుగా చేస్తున్నారు. వాళ్లు కనుక్కున్నవి, దెబ్బతిన్నవి రెండూ తెలుసుకుంటే ఆ పీడీఎఫ్ చూసి ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చెప్పకూడదో అర్థమవుతుంది.

ముందు పేరు సంగతి

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే మన ఇళ్లలో గుండె ఆగిపోయిందనే అనుకుంటారు. పాత తెలుగు వార్తల్లో 'హార్ట్ ఫెయిలై చనిపోయాడు' అని చదివి చదివి ఆ మాటకు ఆ అర్థమే స్థిరపడింది. అసలు అర్థం వేరు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. కాకపోతే ఒంటికి కావలసినంత రక్తాన్ని సరిగ్గా తోడలేకపోతుంది. దాంతో వెనకాల నీరు నిలుస్తుంది. ఊపిరితిత్తుల్లో నిలిస్తే ఆయాసం, కాళ్లలో నిలిస్తే వాపు. పడుకుంటే ఊపిరాడక రాత్రి రెండు గంటలకు లేచి మంచం మీద కూర్చుంటున్నారంటే అది పెద్ద గుర్తు. హార్ట్ ఎటాక్ వేరే కథ. అందులో గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోతుంది. ఎటాక్ వచ్చి దెబ్బతిన్న గుండె తర్వాత ఫెయిల్యూర్‌లోకి జారొచ్చు. కానీ రెండూ ఒకటి కావు.

ఎకో తీశాక డాక్టరు 'పంపింగ్ 35 శాతం' అంటారు. నూటికి 35 మార్కులు వచ్చినట్టు ఇంట్లో వాళ్లు బెంబేలెత్తిపోతారు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా తనలో ఉన్న రక్తమంతా ఒక్క దెబ్బకు బయటికి నెట్టదు. 55 నుంచి 70 శాతం నెడితే అదే మామూలు. అంటే ఆ స్కేలు మీద ఫుల్ మార్కులు నూరు కావు. ఇంకో సంగతి ఏంటంటే, పంపింగ్ మామూలుగా ఉన్నా గుండె బిరుసెక్కి ఫెయిల్యూర్ వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎకోలో పంపింగ్ అంకె ఒక్కటే చూస్తే వీళ్లు తప్పిపోతారు. రక్త పరీక్ష అక్కరకొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే.

గుండె పంపే మెసేజ్

1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త ఓ ప్రయోగం చేశారు. ఎలుక గుండె పైగదుల నుంచి తీసిన రసాన్ని వేరే ఎలుకలకు ఎక్కించారు. కాసేపటికే వాటి మూత్రం, దాంతోపాటు బయటికి పోయే ఉప్పు బాగా పెరిగాయి. అప్పటిదాకా గుండె అంటే ఒక పంపు అనే అనుకున్నారు. ఆ పంపు కిడ్నీలకు హార్మోన్ ద్వారా కబురు పంపుతుందని ఆ ప్రయోగంతో తేలింది. "నా మీద లోడ్ పెరిగింది, కాస్త ఉప్పూ నీరూ బయటికి పంపించు" అన్నది ఆ కబురు సారాంశం.

1988లో జపాన్ శాస్త్రవేత్తలు అలాంటిదే ఇంకో పదార్థాన్ని పంది మెదడులో పట్టుకున్నారు. మెదడులో దొరికింది కాబట్టి బ్రెయిన్ నేట్రియూరెటిక్ పెప్టైడ్ అని పేరు పెట్టారు. అదే బీఎన్‌పీ. తీరా చూస్తే మనుషుల్లో అది ఎక్కువగా తయారయ్యేది గుండె కిందిగదుల్లో. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పాత కోడ్‌లో ఎవరో పెట్టిన తప్పు పేరును మార్చే ధైర్యం ఎవరికీ లేక అలాగే వదిలేస్తాం చూడండి, ఇదీ అంతే.

గుండె గోడలు సాగినప్పుడు, లోపల ఒత్తిడి పెరిగినప్పుడు కండర కణాలు 108 అమైనో ఆమ్లాల గొలుసు ఒకటి తయారుచేస్తాయి. అది రెండుగా తెగుతుంది. 32 అమైనో ఆమ్లాల ముక్క బీఎన్‌పీ, పని చేసేది ఇదే. మిగిలిన 76 ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, దీనికి పనేమీ లేదు. కానీ బీఎన్‌పీ 20 నిమిషాల్లో సగానికి పడిపోతుంది. పని లేని ముక్క అంతకంటే చాలాసేపు రక్తంలో ఉంటుంది. అందుకే ల్యాబులకు అదే కొలవడం సులువు.

ఇక్కడే మొదటి జాగ్రత్త. ఈ రెండు అంకెల్నీ ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఒకే మనిషిలో, ఒకే రోజున ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అంకె బీఎన్‌పీ కంటే చాలా రెట్లు పెద్దగా ఉంటుంది. పోయిన నెల ఒక ల్యాబులో బీఎన్‌పీ 600, ఈ నెల ఇంకో ల్యాబులో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 3,000 అని చూసి 'అయిదింతలు పెరిగింది' అనుకుంటే అది కిలోల్ని లీటర్లతో పోల్చినట్టే. పీడీఎఫ్‌లో ముందు చదవాల్సింది అంకెని కాదు, దాని పక్కనున్న పేరుని.

కొలత కూడా చూడండి. మిల్లీలీటరుకు ఇన్ని పికోగ్రాములు అని ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత పిసరంత పదార్థాన్ని గంటలో కొలిచి చెప్పే యంత్రం మన ఊళ్ల ల్యాబుల్లోకి రావడమే నిజానికి పెద్ద వింత.

ఆయాసం అంటే ఏ ఆయాసం?

తెలుగులో ఆయాసం ఒకటే మాట. ఉబ్బసం వచ్చినా ఆయాసమే, నిమ్ము చేసినా ఆయాసమే, గుండె నీరసించినా ఆయాసమే. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి రొప్పుతూ ఉంటే అది ఊపిరితిత్తుల గొడవా, గుండె గొడవా అన్నది వెంటనే తేలాలి. ఎందుకంటే వైద్యం పూర్తిగా వేరు.

2002లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఈ చిక్కుముడినే పట్టుకుంది. దాని పేరు 'బ్రీతింగ్ నాట్ ప్రాపర్లీ'. పొడి అక్షరాలు కలిపితే బీఎన్‌పీ! ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చిన 1,586 మందికి ఈ పరీక్ష చేశారు. 100 దాటితే హార్ట్ ఫెయిల్యూర్ అని గీత గీస్తే 83 శాతం సందర్భాల్లో సరిగ్గా తేలింది. 2005లో అమెరికాలోని బోస్టన్‌లో దాదాపు 600 మంది మీద ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీతో ఇలాంటిదే ఇంకోటి చేశారు. 300 లోపు ఉంటే 'ఈ ఆయాసం గుండె ఫెయిల్యూర్ వల్ల కాదు' అని 99 శాతం నమ్మకంతో చెప్పొచ్చని తేలింది.

గమనించారా? ఈ పరీక్ష అసలు బలం 'ఉంది' అని చెప్పడంలో కంటే 'లేదు' అని చెప్పడంలో ఉంది. తక్కువ అంకె వస్తే గుండెను చాలావరకు పక్కన పెట్టి వేరే కారణం వెతకొచ్చు. ఎక్కువ వస్తే మాత్రం ఆలోచన అక్కడ మొదలవుతుంది, ముగియదు.

వయసుతో గీత కూడా జరుగుతుంది. ఎమర్జెన్సీలో హార్ట్ ఫెయిల్యూర్ అని అనుమానించడానికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 50 ఏళ్ల లోపు వాళ్లలో 450, 50 నుంచి 75 మధ్య 900, 75 దాటితే 1,800 దాటాలి. మీ పీడీఎఫ్‌లో '125 లోపు' అని అచ్చయిన నార్మల్, స్థిమితంగా ఇంట్లో ఉండి ఓపీకి వచ్చే మనిషికి వాడే గీత. ఎనభై ఏళ్ల తాతయ్యకు ఎమర్జెన్సీలో 700 వస్తే ల్యాబు సాఫ్ట్‌వేర్ ఎర్రగా బోల్డ్ చేసి చూపిస్తుంది. డాక్టర్‌కు మాత్రం అది అంత పెద్ద సంగతి కాకపోవచ్చు.

ప్రాణం సంగతి అంకె చెబుతుందా?

ఇప్పుడు మీ వేలు ఆగిన చోటికి వద్దాం. మోర్టాలిటీ.

అమెరికాలో 'అడ్‌హియర్' అని ఒక పెద్ద రిజిస్ట్రీ నడిచింది. హార్ట్ ఫెయిల్యూర్ ముదిరి హాస్పిటల్లో చేరిన వాళ్ల వివరాలన్నీ అందులో ఉన్నాయి. చేరినప్పుడు బీఎన్‌పీ కొలిచిన 48 వేల పైచిలుకు అడ్మిషన్లను అంకెల్ని బట్టి నాలుగు సమాన భాగాలు చేశారు. ఫలితం 2007లో వచ్చింది. 430 లోపు ఉన్న మొదటి భాగంలో హాస్పిటల్లోనే చనిపోయినవాళ్లు 1.9 శాతం. తర్వాతి భాగాల్లో 2.8, 3.8. బీఎన్‌పీ 1,730 పైన ఉన్న నాలుగో భాగంలో 6 శాతం. మెట్లు మెట్లుగా పెరిగింది.

ఇంకో పరీక్ష ట్రోపోనిన్. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ప్రోటీన్ ఇది. హార్ట్ ఎటాక్ పట్టుకోవడానికి వాడతారని అందరికీ తెలుసు. అదే రిజిస్ట్రీలో ఫెయిల్యూర్‌తో చేరినప్పుడు ట్రోపోనిన్ పాజిటివ్ వచ్చినవాళ్లలో హాస్పిటల్ మరణాలు 8 శాతం, నెగెటివ్ వచ్చినవాళ్లలో 2.7 శాతం అని 2008లో తేలింది. బీఎన్‌పీ చెప్పేది గుండె మీద లోడ్ ఎంత అని. ట్రోపోనిన్ చెప్పేది ఆ లోడ్‌కు కండరం చిరిగిపోతోందా అని. రెండూ కలిస్తే బొమ్మ ఇంకాస్త స్పష్టంగా కనబడుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇదే రిజిస్ట్రీ నుంచి 2005లో వచ్చిన ఒక డెసిషన్ ట్రీ. అవును, మనం మెషీన్ లెర్నింగ్ కోర్సులో మొదటి నెలలో నేర్చుకునే ఆ చెట్టే. 39 అంశాలు పరీక్షించి, చివరికి మూడే మూడు ప్రశ్నలతో చెట్టు కట్టారు. ఒకటి, రక్తంలో బీయూఎన్ 43 దాటిందా? రెండు, పై బీపీ 115 కంటే తక్కువ ఉందా? మూడు, క్రియాటినిన్ 2.75 దాటిందా? బీయూఎన్ తక్కువగా ఉండి, బీపీ 115 పైన ఉన్నవాళ్లలో హాస్పిటల్ మరణాలు 2.1 శాతం. మూడింటికీ అవునని జవాబొస్తే 21.9 శాతం. పదింతల తేడా!

మూడింట్లో రెండు కిడ్నీ పరీక్షలు, ఒకటి చేతికి పట్టీ కట్టి చూసే బీపీ. వేలల్లో బిల్లయ్యే పరీక్షలేవీ లేవు. జిల్లా ఆసుపత్రిలో కూడా దొరికేవే. గుండె జబ్బులో కిడ్నీ ఎందుకొచ్చింది అంటే, గుండె తోడలేకపోతే మొదట అలమటించేది కిడ్నీయే. డౌన్‌స్ట్రీమ్ సర్వీసులో ఎర్రర్లు చూసి పైనున్న సర్వర్ సంగతి పసిగట్టడం లాంటిది.

ఒక చిన్న హెచ్చరిక. మన ల్యాబుల్లో చాలాచోట్ల 'బ్లడ్ యూరియా' అని ఇస్తారు, బీయూఎన్ కాదు. బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. అంటే బీయూఎన్ 43 అంటే యూరియా సుమారు 92. ఈ సంగతి తెలియక 'యూరియా 50 ఉంది, 43 దాటేసింది' అని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టొద్దు.

ఇంకో చవక సంగతి. సీబీపీ రిపోర్టులో ఆర్‌డీడబ్ల్యూ అని ఒక లైను ఉంటుంది. ఎర్రరక్తకణాల సైజుల్లో తేడా ఎంత ఉందో చెప్పేది. ఎవరూ చూడరు. 2007లో 2,679 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో 36 ల్యాబు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, రాబోయే ప్రమాదాన్ని గట్టిగా సూచించిన వాటిలో ఈ అనామక లైను ముందు వరుసలో నిలిచింది. ఎస్‌టీ2, గెలెక్టిన్-3 లాంటి కొత్త మార్కర్లు కూడా ఉన్నాయి. కానీ కొత్తది, ఖరీదైనది కాబట్టి ఎక్కువ చెబుతుందన్న గ్యారంటీ లేదు.

ఆరు శాతం అంటే ఏంటి?

ఇప్పుడు మళ్లీ ఆ నాలుగో భాగం తీసుకుందాం. అందరికంటే ఎక్కువ బీఎన్‌పీ ఉన్న భాగం. చనిపోయింది 6 శాతం. అంటే వందలో 94 మంది హాస్పిటల్ నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. 'ప్రమాదం మూడింతలు' అన్నా నిజమే, 'వందలో 94 మంది బయటపడ్డారు' అన్నా నిజమే. అవే అంకెలు. గూగుల్ మొదటిది చూపిస్తుంది. ఇంట్లో అమ్మకు చెప్పేటప్పుడు రెండోదీ చెప్పాలి కదా.

అసలు విషయం ఇంకా లోతుగా ఉంది. ఈ శాతాలన్నీ గుంపులకు సంబంధించినవి. మీ పెదనాన్న 6 శాతం చనిపోరు. ఆయన ఉంటారు లేదా ఉండరు. ఆ వందమందిలో ఆయన ఎవరన్నది పరీక్ష చెప్పలేదు. మరి ఎందుకు చేయడం అంటారా? డాక్టర్‌కు అది వేరే ప్రశ్నకు జవాబిస్తుంది. ఉన్న పది ఐసీయూ బెడ్లలో ఎవరికి ఇవ్వాలి? ఎవర్ని గంట గంటకూ చూడాలి? ఎవర్ని రేపు ఇంటికి పంపొచ్చు, ఎవర్ని ఇంకో రెండ్రోజులు ఉంచాలి? అక్కడ గుంపు లెక్క చక్కగా పనికొస్తుంది. జాతకం అయితే ఏం చేసినా మారదంటారు. ఇది ఏం చేయాలో చెప్పడానికి మోగే అలర్ట్.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ అంకెలు ఎక్కడివి? అమెరికావి. అడ్‌హియర్‌లో చేరినవాళ్ల సగటు వయసు 72. మన దేశంలో 2013లో తిరువనంతపురంలో నడిచిన హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో 1,205 మంది ఉన్నారు. వాళ్ల సగటు వయసు 61. పదేళ్లకు పైగా చిన్నవాళ్లు. వయసు తక్కువ కదా, మరణాలు కూడా తక్కువ ఉండాలి అనుకుంటాం. హాస్పిటల్లో చనిపోయినవాళ్లు 8.5 శాతం. అడ్‌హియర్ మొత్తంగా చూస్తే అది 4 శాతం చిల్లర.

అమెరికా డేటా మీద ట్రైన్ చేసిన మోడల్‌ను అలాగే తెచ్చి ఇక్కడ డిప్లాయ్ చేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఎవరికి ప్రమాదం ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న వరుస చాలావరకు నిలబడొచ్చు. కానీ 'ఇంత శాతం' అన్న అంకె నిలబడదు. ఫోన్‌లో నాలుగు అంకెలు కొడితే రిస్క్ శాతం చూపించే కాలిక్యులేటర్లు బోలెడున్నాయి. పెదనాన్న వివరాలు కొట్టి వచ్చిన శాతాన్ని గ్రూపులో పెట్టకండి. ఆ లెక్క ఎవరి మీద కట్టిందో, ఆయన వాళ్లలాంటి వాడేనా అన్నది ఆ స్క్రీన్ మీద ఉండదు.

అంకెని తప్పుదారి పట్టించేవి

ఒళ్లు ఎక్కువగా ఉన్నవాళ్లలో బీఎన్‌పీ తక్కువ చూపిస్తుంది. కాబట్టి బాగా లావుగా ఉన్న మనిషిలో 'కాస్తే పెరిగింది' అంటే తేలిగ్గా తీసుకోకూడదు. కిడ్నీ పాడైనవాళ్లలో, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో, పెద్దవాళ్లలో ఎక్కువ చూపిస్తుంది.

సాక్యుబిట్రిల్ అనే మందు వాడేవాళ్లలో ఇంకో తమాషా. ఆ మందు పనే బీఎన్‌పీని విరగ్గొట్టే ఎంజైమును ఆపడం. కాబట్టి మందు పనిచేస్తున్నా బీఎన్‌పీ పెరిగి కనబడొచ్చు. వాళ్లకు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చూడటమే మేలు.

ఇక ఇది మీకోసం. జుట్టు రాలుతోందని బయోటిన్ గోళీలో, గమ్మీలో వేసుకుంటున్నారా? మనిషికి రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములు. ఆ డబ్బాల మీద 5,000, 10,000 అని ఉంటుంది. కొన్ని ల్యాబు యంత్రాలు పరీక్షలో బయోటిన్‌నే జిగురులా వాడతాయి. రక్తంలో అది ఎక్కువైతే లెక్క తప్పుతుంది. ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించిన తర్వాత ఒక రోగి చనిపోయిన సంగతి కూడా అందులో ఉంది. గుండెల్లో నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే, బీపీ మందులతోపాటు 'బయోటిన్ కూడా వాడుతున్నా' అని చెప్పండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అంకెని తగ్గిస్తే మనిషి బాగుపడతాడా?

ఇంజినీర్లకు ఈ ప్రశ్న బాగా తెలుసు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగీతను పచ్చగా చేయడం, సిస్టమ్‌ను బాగుచేయడం ఎప్పుడూ ఒకటే కావు.

'గైడ్-ఐటీ' అనే ప్రయోగం సరిగ్గా దీన్నే పరీక్షించింది. 894 మంది రోగులు. సగం మందికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని 1,000 లోపుకు తేవడమే టార్గెట్‌గా మందులు సర్దారు. మిగతా సగానికి అంకె చూడకుండా మామూలు మంచి వైద్యం చేశారు. 2017లో ఫలితం వచ్చింది. గుండె జబ్బుతో మరణం గానీ, ఫెయిల్యూర్‌తో మళ్లీ హాస్పిటల్లో చేరడం గానీ రెండు గుంపుల్లోనూ 37 శాతమే. లాభం కనబడదని తేలి మధ్యలోనే ఆపేశారు.

అలాగని అంకె దండగ అనుకోకండి. 2022లో 'స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్' అని ఇంకోటి వచ్చింది. 14 దేశాలు, 1,078 మంది. ఫెయిల్యూర్‌తో చేరి డిశ్చార్జ్ అవుతున్నవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు పద్ధతి. రెండో గుంపుకు రెండు వారాల్లోనే మందుల్ని పూర్తి డోసుకు పెంచారు. ఇంటికెళ్లాక మొదటి, రెండో, మూడో, ఆరో వారాల్లో పిలిచి చూశారు. పిలిచిన ప్రతిసారీ బీపీ, కిడ్నీ, పొటాషియం, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చూసి, 'ఇంకా పెంచొచ్చా, కాస్త ఆగాలా' అని తేల్చుకున్నారు. ఆరు నెలల్లో చనిపోవడమో, ఫెయిల్యూర్‌తో మళ్లీ చేరడమో జరిగినవాళ్లు మామూలు గుంపులో 23.3 శాతం, ఈ గుంపులో 15.2 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, మిగతా సగానికి ఈ వైద్యం ఇవ్వకపోవడం న్యాయం కాదని ప్రయోగాన్ని ముందే ముగించారు.

ఒకచోట అంకె టార్గెట్. ఇంకోచోట అంకె ఒక చెక్‌పోస్టు, అసలు పని మందులు, ఫాలోఅప్‌లు. మనుషుల్ని కాపాడింది రెండోది.

మరి మీరేం చేయాలి?

ఒకటి. చేరిన రోజు అంకె కంటే డిశ్చార్జ్ నాటి అంకె ముఖ్యం. 2004లో పోర్చుగల్ డాక్టర్లు చూసినదాని ప్రకారం, హాస్పిటల్లో ఉండగా ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 30 శాతానికి పైగా తగ్గినవాళ్లు ఆ తర్వాత మెరుగ్గా ఉన్నారు, పెరిగినవాళ్లు బాగా ఇబ్బందిపడ్డారు. కాబట్టి 'ఇప్పుడెంతుంది?' అని కాకుండా 'చేరినప్పటి మీద ఎంత తగ్గింది సార్?' అని అడగండి. ఖర్చుకు ఇబ్బందైతే అదీ దాచకుండా చెప్పండి. వాపు, బరువు, బీపీ, క్రియాటినిన్ చూసి డాక్టరు చాలా సంగతులు చెప్పగలరు.

రెండు. డిశ్చార్జ్ కాగితంలో మొదటి ఫాలోఅప్ తేదీ చూడండి. 'నెల తర్వాత' అని ఉంటే 'వారం పది రోజుల్లో రావచ్చా?' అని అడగండి. మీరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటే, ఆ తేదీకి పెదనాన్నని తీసుకెళ్లే మనిషి ఎవరో గ్రూపులో ఇప్పుడే తేల్చండి. క్యాలెండర్‌లో అలారం పెట్టడం మనకు చేతనైన పనే కదా.

మూడు. మందులు ఆపనివ్వకండి. "ఆయనకు షుగర్ లేదు కదా, షుగర్ మాత్ర ఎందుకిచ్చారు?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి షుగర్ కోసమే వచ్చాయి. షుగర్ లేని హార్ట్ ఫెయిల్యూర్ రోగులకూ మేలు చేస్తాయని 2019లో తేలింది. అనుమానం ఉంటే డాక్టర్‌ని అడగండి, మాత్ర మాత్రం మానొద్దు. అలాగే మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి గోళీలు ఒంట్లో నీరు పట్టేలా చేసి ఫెయిల్యూర్‌ని ముదిరిస్తాయి. అవి అడక్కుండా వేసుకోకూడదు.

నాలుగు. ఒక బరువు తూచే మెషీన్ కొనిపెట్టండి. రోజూ పొద్దున లేచి బాత్రూముకి వెళ్లొచ్చాక, టిఫిన్ తినకముందు తూచుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. సూది గుచ్చే పని లేదు, ల్యాబు బిల్లు లేదు.

ఆ 6,840 చూసి గ్రూపులో ఏం టైప్ చేయాలి అన్నది చివరి ప్రశ్న. 'ఏం కాదు, టెన్షన్ పడకండి' అని పెడితే అబద్ధం. గూగుల్ లింకు ఫార్వర్డ్ చేస్తే క్రూరం. "గుండె మీద ఒత్తిడి ఎక్కువగా ఉందని దీనర్థం. డాక్టర్లు నీరు తీసే మందులిస్తారు. రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ చూస్తే తగ్గాలి. నేను మధ్యాహ్నం డాక్టర్‌గారితో మాట్లాడతా" అని పెట్టండి. అందులో ప్రతి ముక్కా నిజమే. చివరి ముక్కని నిజం చేయాల్సింది మాత్రం మీరే.